సీలు తీయని వెండి

నా దగ్గరున్న వెండి నాణేలన్నీ నేను కొన్నవే. కానీ చాలాకాలం వాటిలో ఒక్కదాన్ని కూడా వేలితో ముట్టుకోలేదు. ఒక్కో నాణెం ఒక్కో గట్టి ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి వస్తుంది. దాని మీద బరువు, మేలిమి, ఒక వరుస నంబరు అచ్చువేసి ఉంటాయి. ఆ సీలు చెదరనంత కాలం అది పెట్టుబడి. సీలు తీశాక మామూలు వెండి ముక్క. అమ్మబోతే, మనకు అమ్మిన కొట్టువాడే అనుమానంగా చూస్తాడు, గీకి చూస్తాడు, కొంత కోత పెట్టి ధర కడతాడు. ఈ సంగతి ఒక పుస్తకంలో చదివి, తర్వాత కొట్టులో అడిగి ఖాయం చేసుకున్నాను. చదివింది నిజమని తేలినప్పుడు నాకు కలిగే సంతోషం చిన్నది కాదు. ఎవరూ ఇవ్వకుండా నేను సొంతంగా సంపాదించుకున్న సంతోషం అదొక్కటే. ఇప్పుడు రాయబోయేదానికి మూలం కూడా అదే.

నేను పదో తరగతి దాటలేదు. మాది నేలకొండపల్లి దగ్గర ఒక పల్లె. అక్కడి బౌద్ధ స్తూపం చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఏదేదో మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల మాటలు నాకూ అర్థం కావాలన్న పంతంతో మొదటిసారి లైబ్రరీ మెట్లెక్కాను. ఖమ్మం వచ్చి మిర్చి కోల్డ్ స్టోరేజీలో గేటు చీటీలు రాసే పనిలో కుదిరాక ఆ అలవాటు వదలలేనిదైంది. బస్తాలు లోపలికి వచ్చే నాలుగు నెలలు ఊపిరాడదు. ఆ తర్వాత గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఎంతైనా చదువుకోవచ్చు. ఇంగ్లీషు పుస్తకాల్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీల చొప్పున చదివాను. ఒక్కో పుస్తకానికి నెలలు పట్టేవి. పట్టినా వదల్లేదు. శాతవాహనులు సీసంతో కూడా నాణేలు వేశారని, బ్రిటిష్ వాళ్ల వెండి రూపాయి తులం బరువుండేదని, రెండో ప్రపంచ యుద్ధం నాడు అందులోని వెండిని సగానికి తగ్గించారని నాకు తెలుసు. ఒకరోజు మా యజమానికి ఇవి చెబితే ఆయన శ్రద్ధగానే విని, "ఇన్ని తెలిసినోనివి, గేటుకాడ ఎందుకున్నవయ్యా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ మాట మాత్రం చాలా రోజులు లోపల గుచ్చుతూనే ఉంది.

వెండి మీద నా చూపు పడటానికి ఆ మాట కూడా కొంత కారణం. భూమి నాకు అందేది కాదు. బంగారం అందేది కాదు. వెండి ఇంకా ఎవరూ పట్టించుకోని లోహమని, ముందు ముందు కరెంటు పనులకూ సోలార్ పలకలకూ దాని అవసరం పెరుగుతుందని చదివాను. మొదటి పది గ్రాముల నాణెం కొని ఇంటికి తెచ్చిన రోజు నా భార్య దాన్ని వెలుగుకు పెట్టి తిప్పి చూసింది.

"గిదేంది, బిస్కెట్ ప్యాకెట్ లెక్క?"

"వెండి. వెయ్యి పాళ్లల్ల తొమ్మిదొందల తొంభై తొమ్మిది పాళ్లు మేలిమి."

"ఆ ఒక్క పాలు ఏమైంది మరి? సేటు తిన్నడా?"

"కవరు తియ్యకు. తీస్తే రేటు పోతది."

"తియ్యొద్దు, ఏసుకోవద్దు, ముట్టొద్దు. గట్లయితే అది మనింట్ల ఉన్నట్టా, కొట్ల ఉన్నట్టా?"

ఆమె ఒక కోచింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పుట్టింది అడవి పల్లెలో. భద్రాచలం బస్సెక్కి మధ్యలో దిగి, అక్కణ్నుంచి ఆటోలో చాలా దూరం లోపలికి పోవాలి. చదువుకోసం చిన్నప్పుడే ఖమ్మం హాస్టలుకు వచ్చి, చదువు ఆగిపోయినా ఖమ్మంలోనే ఉండిపోయింది. మా పెళ్లికి మా వైపు నుంచి ఎవరూ రాలేదు. వాళ్ల వైపు ఊరంతా వచ్చింది.

మా అత్తకు ఆమె ఒక్కతే కూతురు. మామ ఎప్పుడో పోయాడు. అత్త ఎండాకాలం తునికాకు కోసేది, ఇప్పపువ్వు ఏరేది, వానాకాలం తన చెలకలో జొన్న వేసుకునేది. ఆమె మెడలో ఇరవై పాత వెండి రూపాయల దండ ఉండేది. ఒక్కో రూపాయికి ఒక రింగు అతికించి, నల్లదారానికి గుచ్చినది. అది ఆమె తల్లిది, అంతకు ముందు ఆ తల్లి తల్లిది. వాళ్లింటి పద్ధతి ఏమిటంటే, ఆ దండ ఇంటి పెద్ద ఆడమనిషి మెడలో ఉండాలి. ఆమె పోయినప్పుడు, మనిషిని లేపకముందే, దాన్ని ఆమె మెడలోంచి తీసి కూతురి మెడలో వేస్తారు. దండ వేసుకున్న మనిషే కొత్తల పండుగనాడు, పంట కొత్తగా ఇంటికి వచ్చినప్పుడు, చనిపోయిన పెద్దలకు మొదటి ముద్ద పెడుతుంది. ఆ తర్వాతే ఇంట్లో అందరూ తింటారు. ఊళ్లో మిగతా ఇళ్లలో కూడా ఇలాగే ఉందో లేదో నాకు తెలియదు. ఇలాంటి సంగతుల్ని పుస్తకాల్లో వెతికాను గానీ, నా పక్కన కూర్చుని అంబలి తాగుతున్న అత్తను అడగలేదు.

ఒక ఎండాకాలం, తునికాకు కోతల రోజుల్లో, మేము ఆ ఊరు వెళ్లాం. అత్త కొంగుముడి విప్పి రెండు రూపాయలు చూపించింది. రింగులు అరిగి ఊడిపోయాయి. మిగతావి కూడా ఊడేలా ఉన్నాయి.

"అల్లుడా, ఖమ్మంల మంచి అవుసలాయన ఉంటడు గద. రింగులు కొత్తయి ఏపిచ్చుకరా," అంటూ దండ మెడలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఎన్నొద్దులు పడతది?"

"వారం పడతది అత్తా."

"జల్దీ తే. మెడ బోసిగుంటే నాకు అన్నం సయించదు."

బస్సులో వస్తూ ఆ రూపాయల మీది సంవత్సరాలు చూశాను. ఇరవైలో తొమ్మిది యుద్ధకాలం నాటివి. సగమే వెండి. అది నాకు పెద్ద విషయం దొరికినట్టు అనిపించింది. ఇన్నేళ్లుగా ఆమె మెడలో మోసింది సగం రాగి, నికెలు అని ఎవరికి తెలుసు? నాకు తెలుసు.

రింగుల కోసం అవుసలాయన దగ్గరికి, అంటే కంసాలి దగ్గరికి పోవలసినవాణ్ని, ఆ రూపాయలు పట్టుకుని నేను నాణేలు కొనే కొట్టుకు వెళ్లాను. చూపించడానికి మాత్రమే. ఏవి సగం వెండివో విడదీసి బల్ల మీద పెట్టాను. కొట్టు యజమాని మిషను మీద పరీక్షించాడు. నేను చెప్పినట్టే తేలింది. ఆయన అద్దాలు పైకెత్తి నన్ను చూశాడు.

"మీకెట్ల తెలుసు సార్?"

ఖమ్మంలో నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆయన. ఆ మాట దగ్గరే నేను పడిపోయాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన ఎప్పటిలాగా "ఏం కావాలె?" అని అడిగి ఉంటే దండ తీసుకుని తిన్నగా అవుసలోళ్ల సందులోకి వెళ్లేవాణ్నని.

"ఇవి రింగులేపిచ్చినా నిలువయి సార్. అంచులు అరిగినయ్. కరగవోసి మేలిమి కాయిన్లు తీస్కోండ్రి. మీకు నేను జెప్పాల్నా?" అన్నాడు.

నా భార్యకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆమె చుట్టూ గిన్నెల చప్పుడు.

"అమ్మనడుగు," అంది.

"అమ్మకు ఇదంతా ఎట్ల సమజైతది? పాతయి ఇరవై ఇస్తే మేలిమివి ఇరవై ఇస్తున్నం. తక్కువ వడ్డది నేనేస్త."

"నీ ఇష్టం. ఈడ అన్నం మాడుతంది," అని పెట్టేసింది.

దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. రూపాయల్లోని వెండి ఇరవై నాణేలకు సరిపోలేదు. మిగిలింది నా జేబులోంచి వేశాను. అందువల్ల నేను తప్పు చేస్తున్నాననుకోలేదు సరికదా, దానం చేస్తున్నానని అనుకున్నాను. కొలిమి పాత్రలో రూపాయలు ఒక్కొక్కటే మెత్తబడి, వాటి మీది రాజుల తలలు ఒకదాన్లో ఒకటి కలిసిపోవడం నిలబడి చూశాను. నా చేతిలో ఇరవై కవర్లు పెట్టారు. ప్రతిదాని మీదా లక్ష్మీదేవి.

వారం అన్నాను గాబట్టి వారానికే తీసుకుపోయాను. అత్త, ఆమె తమ్ముడు, అంటే నా భార్య మేనమామ, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు వాకిట్లో కూర్చుని ఉన్నారు. నేను కవర్లన్నీ మంచం మీద పరిచి మేలిమి గురించి, సగం వెండి గురించి, యుద్ధం గురించి చెప్పాను.

"మంచిగైంది," అన్నాడు మేనమామ చివరికి. "రాజు బొమ్మ పోయి లచ్చిందేవి బొమ్మొచ్చింది. అల్లుడు సదువుకున్నోడు." ఆ తర్వాత నాకు రాని వాళ్ల ఇంటి భాషలో ఒక మాట అన్నాడు. అందరూ నవ్వారు.

"నిన్నేం అనలే," అంది నా భార్య మెల్లగా. "లచ్చిందేవికి రెయిన్ కోటు తొడిగిండ్రు అంటున్నడు."

అత్త నవ్వలేదు. ఒక కవరు తీసుకుని బొటనవేలితో రుద్దింది. మళ్లీ రుద్దింది.

"ఇది ఒంటికి తగలది గద."

"తగలకూడదు అత్తా. అట్లుంటేనే దానికి రేటు."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కవర్లన్నీ దగ్గరికి జరిపి, దొంతరగా పేర్చి, నాకే ఇచ్చింది.

"సరే, పోయింది పోయింది. వెండి వెండే. వీటికే రింగులేపిచ్చి తే. మెడల ఉంటే చాలు నాకు."

ఇంత సులువుగా నన్ను వదిలేసిన మనిషి జీవితంలో ఇంకొకరు లేరు. చేయవలసింది ఒక గంట పని. కవర్లు కోయాలి, రింగులు అతికించాలి, దారానికి గుచ్చాలి.

ఖమ్మం వచ్చాక కత్తెర తీసి, మొదటి కవరు చేతిలోకి తీసుకున్నాను. దాని మూల మీద కత్తెర పెట్టి ఆగిపోయాను. నేను చదివినదంతా ఆ మూల దగ్గర అడ్డం పడింది. కోస్తే కోత. రింగు అతికించడానికి వాడే పొడిలో వెండి తక్కువ, ఆ మాట కూడా నాకు తెలుసు. మేలిమి చెడుతుంది. పైగా ధర అప్పుడే కదలడం మొదలైంది. ఇంకో నెల చూద్దామనుకుని కవర్లు బీరువాలో నా వాటి పక్కనే పెట్టాను.

అత్త ప్రతి వారం తమ్ముడి ఫోన్ నుంచి చేసేది.

"అల్లుడా, రింగులయినయా?"

"అవుసలాయన కాడున్నయ్ అత్తా. అవుతున్నయ్."

"ముసలోడా ఆయన?"

ఎందుకన్నానో నాకే తెలియదు. "అవ్ అత్తా," అన్నాను.

"పాపం. కండ్లు ఆనవేమో. తొందర పెట్టకు."

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఆయన గురించి అడిగేది. లేని మనిషి మోకాళ్ల గురించి, కళ్ల గురించి. ఒకసారి, "కండ్ల దవాఖానాల ఉత్తగనే జూస్తరంట, పొమ్మను," అంది. ఆ ఏడు కొత్తల పండుగకు బోసిమెడతోనే పెద్దలకు ముద్ద పెట్టింది. తమ్ముడు గొణిగితే, అవుసలాయన ముసలివాడు, ఏం చేస్తాడని సర్దిచెప్పిందట. ఈ సంగతి నాకు నా భార్య చెప్పింది, నా ముఖం చూడకుండా.

ధర పెరుగుతూనే ఉంది. కోల్డ్ స్టోరేజీలో ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, ఇప్పుడు కొనవచ్చా, ఆగాలా అని అడగడం మొదలైంది. ఒకరోజు యజమాని నన్ను లోపలికి పిలిచి, ఫ్యాను కింద కుర్చీ చూపించి, వెండి గురించి అరగంట మాట్లాడించాడు. పోతుంటే టీ తెప్పించాడు. ఆ వారంలోనే నేను ఇంకో ఐదు నాణేలు కొన్నాను. అన్నీ కలిపి అరవై నాలుగు అయ్యాయి. ఆదివారాలు వాటిని మంచం మీద పరిచి, కవర్ల మీద గీతలు పడ్డాయేమోనని చూసుకునేవాణ్ని. ఒక ఆదివారం నా భార్య గుమ్మంలో నిలబడి అడిగింది.

"అమ్మకు అబద్ధం ఎందుకు చెప్తున్నవ్?"

"ఇంకో రెండు నెలలు. ఇప్పుడు కోస్తే చేతులారా పారేసినట్టే."

"ఆ ఇరవై ఎవరికమ్ముతవ్?"

"ఎవరికీ అమ్మ. అత్తయి గద."

"అమ్మనప్పుడు రేటుతోటి ఏం పని?"

పత్రిక తీసుకుని చదువుతున్నట్టు కూర్చున్నాను. ఎన్నటికీ అమ్మని వస్తువు ధర తగ్గితే ఎవరికీ నష్టం లేదు. రెండో తరగతి పిల్ల చేయగల లెక్క. నాకు మాత్రం ఏడాది దాటినా చేయడం రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమేమో. వచ్చింది. చేయలేదు. బీరువాలో ఇరవై కవర్లు తగ్గితే, నేను చదివినదాంట్లోంచి ఎవరో కొంత తీసుకుపోయినట్టుంటుందని భయపడ్డాను.

మరుసటి వానాకాలం అత్తకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి, ఆయాసంలోకి దిగింది. భద్రాచలం దవాఖానాలో చేర్చారు. నా భార్య హాస్టల్లో సెలవు పెట్టి వెళ్లిపోయింది. ఆదివారం నేను వెళ్లాను. అత్త సగానికి సగం అయిపోయింది. ఒక చెయ్యి మెడ మీదే ఉంది. దండ ఉండవలసిన చోట వేళ్లు కదులుతున్నాయి. నన్ను గుర్తుపట్టింది.

"ఆ ముసలాయన బాగున్నడా?"

"బాగున్నడు అత్తా. ఎల్లుండి ఇస్తనన్నడు."

"ఎల్లుండి," అంది. అంటూ కూతురి వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఎక్కడా రాసుకోలేను.

నా భార్య నన్ను వరండాలోకి తీసుకొచ్చింది. అన్నేళ్ల కాపురంలో ఆమె నాకు చేతులు జోడించడం అదే మొదలు.

"ఎల్లుండి గాదు. రేపు తే. నీకు దండం పెడ్త. మూట గట్టి తెచ్చినా సరే, దారం నేను గుచ్చుకుంట. రింగులుంటే చాలు."

ఆ సాయంత్రమే బస్సెక్కాను. మర్నాడు పనికి సెలవు పెట్టి పొద్దున్నే బీరువా తెరిచాను. ఇక్కడ నేను చేసింది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అత్త పేరుతో తెచ్చిన ఇరవై నాణేల కవర్లు కొత్తవాటిలా ఉన్నాయి. నేను ముందు కొన్నవాటిలో కొన్నిటి కవర్ల మీద గీతలు పడ్డాయి, వాటికి ఎలాగూ ధర తక్కువ పలుకుతుంది. కోసేవి అవే అయితే నష్టం తగ్గుతుందనుకున్నాను. అరవై నాలుగూ మంచం మీద పరిచాను. గీతలున్నవి ఒక వరుస, లేనివి ఒక వరుస. గీతలున్నవి పద్నాలుగే వచ్చాయి. మిగతా ఆరు ఏవి కోయాలా అని రెండు కొట్లకు ఫోన్ చేసి, ఏ బొమ్మకు ఎంత ధర ఉందో అడిగాను. రాసుకున్నాను. ఒక కొట్టువాడు మధ్యాహ్నం చెబుతానంటే మధ్యాహ్నం దాకా ఆగాను.

అప్పుడు కోశాను. మొదటి నాణెం అరచేతిలో పడింది. ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు. చల్లగా ఉండి, కాసేపట్లోనే నా చేతి వేడికి వచ్చేసింది.

అవుసలోళ్ల సందులోకి వెళ్లేసరికి మూడు దాటింది. అక్కడి పనివాడు ముసలివాడు కాదు. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా మార్చుకుంటున్నాడు.

"ఇరవైకి రింగులా? గంట పనే సార్. కని ఇయ్యాల పొయ్యి దించేసిన. కల్లూరుల పెండ్లుంది, బస్సు టైమైంది. రేపు పొద్దుగాలనే చేసిస్త."

"చాలా అర్జెంటు."

"జెర ముందొస్తే అయిపోతుండె గద సార్. పొద్దటి సంది ఖాళీగనే ఉన్న."

ఆ సందులో ఇంకా ఇద్దరిని అడిగాను. ఒకరి దగ్గర పని పేరుకుపోయి ఉంది. ఇంకొకరి తలుపు వేసి ఉంది. నా భార్యకు ఫోన్ చేసి రేపు పొద్దున అన్నాను. "ఊఁ" అని పెట్టేసింది.

మర్నాడు అతను మాట తప్పలేదు. ఎనిమిదింటికే మొదలుపెట్టాడు. నేను పక్కన పీట మీద కూర్చున్నాను. పద్నాలుగో నాణెం మంటలో ఉండగా నా ఫోన్ మోగింది. అవతలి నుంచి ఏడుపు లేదు.

"అమ్మ వోయింది. ఊరికి తీస్కవోతున్నం. రా," అంది నా భార్య.

పనివాడు నా ముఖం చూసి మంట తగ్గించాడు. "ఆపాల్నా సార్?"

"వద్దు. కానియ్యి," అన్నాను.

నేను ఆ ఊరు చేరేసరికి సాయంత్రం కావస్తోంది. అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. నాకోసమే ఆగారు. దారిలో బస్సులోనే ఇరవై నాణేలూ నల్లదారానికి గుచ్చాను. మేనమామ లేచి నా దగ్గరికి వచ్చాడు. దండ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు. నిజానికి చాలా అందంగా ఉంది. పాతదానికన్నా తెల్లగా మెరుస్తోంది.

"మా అక్క దీన్ని ఏసుకున్నదా?"

"లేదు మామా."

"చేత్తోటి ముట్టుకున్నదా?"

అవ్ అనబోయాను. ఆమె బొటనవేలు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె రుద్దినది ప్లాస్టిక్కును. పైగా ఇవి ఆ నాణేలు కూడా కావు. అవి ఇంట్లో, బీరువాలో, గీత పడకుండా ఉన్నాయి.

"లేదు మామా," అన్నాను.

"మరి దీన్ని ఎవరి మెడలకెల్లి తియ్యాలె?"

ఆయన గొంతులో కోపం లేదు. తెలియక అడుగుతున్నట్టే అడిగాడు. అప్పుడైనా నేను ఊరుకోలేదు. ఇప్పుడు ఒక్కసారి ఆమె మెడలో వేసి తీస్తే సరిపోతుంది గదా అన్నాను. అది తెలివైన ఉపాయం అనుకున్నాను.

"సచ్చినోళ్లకు ఏసుడుండది అల్లుడా," అన్నాడు. "తీసుడే ఉంటది."

దండను నా చేతిలో పెట్టి, వేళ్లు మూసి, వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఆడవాళ్లు నా భార్యను అత్త తల దగ్గరికి తీసుకుపోయారు. ఒక ముసలామె అలవాటు కొద్దీ అత్త మెడ వెనక చెయ్యి పోనిచ్చి, ముడి కోసం వెతికి, ఏమీ లేక చెయ్యి వెనక్కి తీసుకుంది. నా భార్య మెడ వంచి ఉంది. కాసేపు అలాగే ఉంది. తర్వాత ఎత్తింది. అత్తను లేపారు.

కొత్తల పండుగకు నా భార్య ఒక్కతే వెళ్లి ఆ రోజే తిరిగి వచ్చింది. ఏమైందని నేను అడగలేదు. రెండు రోజుల తర్వాత ఉల్లిగడ్డలు కోస్తూ తనే చెప్పింది. మేనమామ ఇంట్లో వాళ్ల పెద్దలకు వాళ్లు పెట్టుకున్నారు. అత్త ఇంటి తలుపు తీసి, ఊడ్చి, పొయ్యి వెలిగించి కొత్తన్నం వండిందట. దండ అందుకుని ముద్ద పెట్టే మనిషి లేదు. తను పెడతానంటే ఎవరూ వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. చెయ్యి ముందుకు రాలేదట. అన్నం కుండ మీద మూత పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

"మా అమ్మ ఈయేడు ఏం తినలే," అంది.

అన్నీ అమ్మేద్దామన్నాను. అరవై నాలుగూ, ఒక్కటి కూడా మిగల్చకుండా. ఇంకెప్పుడూ వెండి మాట ఎత్తనన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. ఆమె ఉల్లిగడ్డలు కోయడం ఆపకుండా విన్నది.

"ఎందుకు?" అంది. "నువ్వు చెప్పినట్టే పెరిగింది గద."

ఆ మాటలో ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని చాలాసేపు వెతికాను. ఉంటే బాగుండేది. ఆమె కత్తిపీట కడిగి గోడకు ఆనించి, హాస్టలుకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.